పోలండ్ వూచ్‌లో పాత యూదుల కట్టడాలు: ఏవి మిగిలాయి, నాన్నకు ఏవి చూపించాలి?

కొత్తూరు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఈమధ్యే పోలండ్‌లోని వూచ్‌కి వచ్చాం (మనవాళ్లు లోడ్జ్ అంటుంటారు, ఆ ఊరే). మే నెలలో మా నాన్నగారు వస్తున్నారు. పొన్నూరు దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మీలో గుంటూరు జిల్లా వాళ్లకు తెలిసే ఉంటుంది, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి, వాళ్లకో చిన్న ప్రార్థన మందిరం కూడా ఉంది. నాన్న ఒకసారి అక్కడికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి వచ్చారు. అప్పట్నుంచీ యూదుల చరిత్ర మీద దొరికిన పుస్తకమల్లా చదువుతున్నారు.

వూచ్‌లో ఉద్యోగం అనగానే జీతం ఎంత, చలి ఎంత అని అడగలేదు. "అమ్మా, అది మిల్లుల ఊరు కదా, యుద్ధానికి ముందు ఊళ్లో మూడో వంతు యూదులే కదా, వాళ్లు కట్టుకున్నవి ఇప్పుడేమైనా ఉన్నాయా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో ఎవర్ని అడిగినా మనుఫక్తూరా మాల్‌కి తీసుకెళ్లమంటున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది తప్పక చూడాలి, బయటివాళ్లం శ్మశానంలోకి వెళ్లొచ్చా, ఇవన్నీ చెప్పగలరా? నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నడవలేరు. కానీ నచ్చిన చోట గంటసేపు నిలబడమన్నా నిలబడతారు.

సంచారి:

మనుఫక్తూరా అని ఊరికే అనలేదండి మీ ఆఫీసువాళ్లు. అది ఇజ్రాయెల్ పొజ్నాన్‌స్కీ అనే యూదు మిల్లు యజమాని కట్టించిన బట్టల మిల్లే. 2006లో మాల్‌గా తెరిచారు. పాత స్పిన్నింగ్ మిల్లు భవనం ఇప్పుడు పెద్ద హోటల్, పైన నిప్పంటుకుంటే వాడుకోవడానికి పెట్టుకున్న నీళ్ల తొట్టిని ఈతకొలనుగా మార్చారు. పక్కనే ఆయన మహల్ ఉంది, అది సిటీ మ్యూజియం. ఈ రెండూ, వీలైతే యుద్ధంలో యూదులను చావు శిబిరాలకు పంపిన రాదెగాస్ట్ స్టేషనూ చూపించండి, ఒక రోజు చాలు. మిగతా యూదుల కట్టడాలంటే యుద్ధంలో అన్నీ పోయాయి. స్మారక ఫలకాలు తప్ప చూడ్డానికేం లేదు.

మిల్స్‌కాలనీ_వరంగల్:

అమ్మా, మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా నాన్న వరంగల్ ఆజంజాహీ మిల్లులో స్పిన్నింగ్‌లో పనిచేశారు. 1934లో పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. సైరన్ మోత వింటూ పెరిగినవాణ్ని కాబట్టి వూచ్‌కి వచ్చిన కొత్తలోనే ఎర్ర ఇటుక గోడలూ పొగగొట్టాలూ వెతుక్కుంటూ తిరిగాను. తిరిగేకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ ఊళ్లో మిల్లు కథనీ యూదుల కథనీ విడదీయలేం.

సంచారి గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, అన్నీ పోయాయన్నది నిజం కాదు. చాలా ఉన్నాయి. నాకు అర్థమైనంతలో, తర్వాత ఎవరికైనా పనికొచ్చిన కట్టడమే ఇక్కడ బతికింది. మిల్లు పనికొచ్చింది, మహల్ పనికొచ్చింది, ఆసుపత్రి పనికొచ్చింది. కేవలం ప్రార్థన కోసం కట్టుకున్నవాటిని కాల్చేశారు. ఒక్కటి మిగిలింది, అదీ ఉప్పు దాచుకోవడానికి పనికొచ్చింది కాబట్టి. మాస్టారుగారికి ముందే ఈ మాట చెప్పి తీసుకెళ్లండి, ఆయన నాకంటే బాగా చూస్తారు.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను. 1820లో ప్రభుత్వం దీన్ని బట్టల తయారీ ఊరిగా ప్రకటించేనాటికి ఇక్కడ ఉన్నది దాదాపు ఎనిమిది వందల మంది. 1897 వచ్చేసరికి మూడు లక్షలు దాటారు. మొదట వచ్చిన నేతగాళ్లు ఎక్కువగా జర్మన్లు. యూదులకు పాత ఊళ్లోని కొన్ని వీధులు దాటి ఇల్లు కట్టుకునే హక్కే లేదు. 1862లో ఆ కట్టుబాట్లు ఎత్తేశారు. పొజ్నాన్‌స్కీ అప్పటికి ముప్పై ఏళ్ల లోపు బట్టల వ్యాపారి. పదేళ్లు తిరిగేసరికి, 1872లో, ఒగ్రొదోవా వీధిలో మిల్లు కట్టడం మొదలుపెట్టాడు. నూలు వడకడం, నేయడం, చలువ చేయడం, అద్దకం, అన్నీ ఒకే గోడ లోపల. సరుకంతా రష్యా మార్కెట్టుకి. తేదీలు ఇంత వివరంగా ఎందుకంటే, మీరు చూడబోయే పెద్ద కట్టడాలు చాలావరకు 1862 తర్వాత రెండు తరాల్లో లేచినవి. అంతకాలం కదలనివ్వని చోట ఒక్కసారిగా దారి దొరికితే మనుషులు ఎంత వేగంగా కడతారో ఈ ఊళ్లో కనిపిస్తుంది.

మొదట మాల్‌కి వెళ్లొద్దు. కొశ్చూష్కి అవెన్యూ, జ్యెలొనా వీధి కలిసే మూలకి వెళ్లండి. అక్కడ 1887లో పూర్తయిన మహా సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) ఉండేది. స్టుట్‌గార్ట్ నుంచి ఆడోల్ఫ్ వోల్ఫ్ అనే ఆర్కిటెక్టు చేత నమూనా గీయించుకున్నారు. మిల్లు యజమానులు తలా ఇంత వేసుకుని కట్టుకున్న సంపన్నుల గుడి అది. 1939 నవంబరులో నాజీలు తగలబెట్టి, తర్వాత శిథిలాలు కూడా తీసేశారు. నేను చూసినప్పుడు అది కార్లు నిలిపే ఖాళీ జాగా. చూడ్డానికి ఏం లేని చోటికి మోకాళ్ల నొప్పుల పెద్దాయన్ని ఎందుకు తీసుకెళ్లాలని మీరు అడగొచ్చు. ఇంటికొచ్చాక పాత ఫోటో చూపించండి. ఊరి నడిబొడ్డున, ట్రాములు తిరిగే రోడ్డు మీద, ఎంత పెద్ద గుమ్మటాలతో నిలబడిందో చూస్తారు. వాళ్లు దాక్కుని బతికినవాళ్లు కాదు, ఈ ఊరు మాది కూడా అని నడివీధిలో చెప్పుకున్నవాళ్లు. ఆ ఖాళీ ఎంత పెద్దదో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

పాత ఊళ్లో వొల్బోర్‌స్కా వీధిలో ఇంకో సినగాగ్ ఉండేది, సంప్రదాయం పాటించేవాళ్లది. అదీ అదే నవంబరులో పోయింది. ఇప్పుడక్కడ పార్కు. పార్కులో పది ఆజ్ఞల పలకలతో మోషే విగ్రహం 1995లో పెట్టారు. బెంచీలున్నాయి, నాన్నగారు కూర్చోవచ్చు.

ఇక మిగిలిన సినగాగ్ దగ్గరికి వద్దాం. రెవొలూత్సీ 1905 వీధి, 28 నంబరు. రోడ్డు మీంచి చూస్తే మామూలు లోగిలి లాంటిదే. గేటులోంచి లోపలి వాకిట్లోకి వెళ్తే ఆ వాకిట్లో ఉంటుంది గుడి. వోల్ఫ్ రైహెర్ అనే వ్యాపారి తన కుటుంబం కోసం, తోటి వ్యాపారుల కోసం 1900 ప్రాంతంలో కట్టించుకున్నాడు. యుద్ధం వచ్చాక ఒక జర్మన్ వ్యాపార భాగస్వామికి అమ్మినట్టు కాగితం రాశారు. ఆ జర్మన్ దాన్ని ఉప్పు గోదాముగా వాడాడు. గోదాముని ఎవరూ కాల్చలేదు. 1980ల చివర్లో లాడర్ ఫౌండేషన్ సాయంతో బాగుచేశారు. ఊళ్లో యుద్ధానికి ముందు నుంచి నిలిచిన సినగాగ్ ఇదొక్కటే. లోపలికి వెళ్లాలంటే పొమోర్‌స్కా వీధి 18 నంబరులో యూదు సమాజం కార్యాలయం ఉంది, అక్కడ ముందుగా అడగండి. వాళ్లు ఇవాళ కూడా ఉన్నారమ్మా, ఇది మర్చిపోకండి. 1945 తర్వాత వార్సా శిథిలమైపోవడంతో ప్రాణాలతో బయటపడ్డ యూదులు ఎంతోమంది ఈ ఊరికే వచ్చారు, కొన్నాళ్లపాటు పోలండ్‌లో యూదుల పెద్ద కేంద్రం ఇదే. 1968లో ప్రభుత్వమే యూదుల మీద విషం చిమ్మినప్పుడు చాలామంది దేశం వదిలి వెళ్లిపోయారు. మిగిలిన కొద్దిమందే ఆ గుడినీ శ్మశానాన్నీ చూసుకుంటున్నారు.

శ్మశానానికి తప్పకుండా వెళ్లొచ్చు. నన్నడిగితే ఒకే ఒక్క చోటికి ఓపిక ఉందంటే అక్కడికే తీసుకెళ్లమంటాను. బ్రాట్‌స్కా వీధిలో, 1892లో మొదలైంది. నలభై హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు వంద ఎకరాలు. లక్షన్నర మందికి పైగా అక్కడ ఉన్నారు. యూరప్‌లోని పెద్ద యూదు శ్మశానాల్లో ఒకటి. గేటు దాటగానే 1898 నాటి అంత్యక్రియల మందిరం ఉంటుంది, మీనా కొన్‌ష్టాట్ అనే ఆవిడ భర్త జ్ఞాపకంగా కట్టించింది. ఆర్కిటెక్టు ఆడోల్ఫ్ జెలిగ్సన్, ఇక్కడి యూదుడే.

పొజ్నాన్‌స్కీ సమాధి కూడా జెలిగ్సన్ పనే. సమాధి అంటున్నాను గానీ అది గుమ్మటం ఉన్న మండపం. ఆయన 1900లో పోతే 1903కల్లా పూర్తయింది. ప్రపంచంలోని యూదు సమాధుల్లో ఇంత పెద్దది మరోటి ఉండకపోవచ్చని చెప్తారు. తల పైకెత్తి గుమ్మటం లోపలి వైపు చూడమనండి. వెనిస్ కార్ఖానాలో చేసిన మొజాయిక్, ఇరవై లక్షల దాకా చిన్న చిన్న గాజు పలకలు, బంగారు నేల మీద తాటిచెట్లు. ఎండ కాసే రోజు వెళ్తే ఆ పచ్చా బంగారం నేల మీదికి దిగినట్టుంటుంది.

కానీ అక్కడే ఆగి వెనక్కి రావద్దు. చుట్టూ ఉన్న మామూలు రాళ్లు చూడండి. హీబ్రూ చదవడం రాకపోయినా బొమ్మలు చెప్తాయి. రెండు అరచేతులు పక్కపక్కన ఉంటే పూజారి వంశం. కూజా ఉంటే లేవీయుడు, పూజారి చేతులు కడిగే వంతు వాళ్లది. విరిగిన కొవ్వొత్తి, విరిగిన చెట్టు కొమ్మ ఉంటే చిన్న వయసులో పోయిన మనిషి. పుస్తకాల వరస ఉంటే పండితుడు. పియానో విద్వాంసుడు ఆర్తుర్ రూబిన్‌స్టైన్ 1887లో ఈ ఊళ్లోనే పుట్టాడు, ఆయన తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు. కవి యూల్యాన్ తువీమ్ తల్లిదండ్రులూ ఇక్కడే.

దక్షిణం వైపు ఒక పెద్ద మైదానం వస్తుంది, రాళ్లు పలచబడి గడ్డి ఎక్కువవుతుంది. దాన్ని గెట్టో మైదానం అంటారు. గెట్టో అంటే నాజీలు యూదులను కంచె వేసి కుక్కిన పేట. 1940 నుంచి 44 దాకా ఆకలితో, జబ్బులతో చనిపోయిన నలభై వేల పైచిలుకు మంది. శ్మశానం గెట్టో కంచె లోపలికి వచ్చింది, పాతిపెట్టడానికి చోటు కావాల్సి వచ్చింది, అందుకే నాజీలు దీన్ని దున్నేయలేదు. ఊళ్లో అంతకుముందు వెసోవా వీధిలో 1811 నాటి శ్మశానం ఒకటి ఉండేది, అది యుద్ధంలో ధ్వంసమైంది, తర్వాత దాని మీద రోడ్డూ ఇళ్లూ వచ్చాయి.

గోడ పక్కన కొన్ని గోతులు అలాగే ఉంచారు. 1944 ఆగస్టులో గెట్టోని ఖాళీ చేసినప్పుడు మిగిలిన సామాన్లు సర్దడానికి ఎనిమిది వందల పైచిలుకు మందిని ఉంచుకున్నారు. చివరికి వాళ్ల గోతులు వాళ్లతోనే తవ్వించారు. 1945 జనవరి 19న సోవియట్ ఎర్ర సైన్యం ఊళ్లోకి వచ్చింది. ఆ గోతులు ఖాళీగా మిగిలాయి. నాన్నగారికి ఆ గోతులు తప్పకుండా చూపించండి. ఈ ఊళ్లో నాకు తెలిసినంతలో ఆ నాలుగేళ్ల కథ మంచిగా ముగిసిన చోటు అదొక్కటే.

డాక్టర్_కావాలి:

అంకుల్, ఆసుపత్రి అని ఊరుకున్నారు, దాని గురించి నేను చెప్తాను. ఇక్కడి మెడికల్ యూనివర్సిటీలో చదువుతున్నాను. స్టెర్లింగా వీధిలో ఉన్న ఆసుపత్రి పొజ్నాన్‌స్కీ, ఆయన భార్య లేయోన్యా డబ్బుతో కట్టించింది, 1890లో తెరిచారు. యూదు సమాజం కోసం కట్టినది. యుద్ధం తర్వాత కూడా చాలా ఏళ్లు ఆసుపత్రిగానే నడిచింది. వీధికి పేరు వచ్చింది సెవెరిన్ స్టెర్లింగ్ అనే డాక్టరు వల్ల. ఆయన కూడా యూదు కుటుంబంలో పుట్టినవారే, ఈ ఊళ్లో క్షయ మీద జీవితమంతా పోరాడారు. మిల్లు దుమ్ము, కిక్కిరిసిన ఇళ్లు, ఆ రెండూ కలిస్తే క్షయ ఎలా పాకుతుందో మనకు తెలిసిందే.

కొత్తూరు అక్కా, పార్క్ ఒట్సలావిఖ్ అని ఒకటుంది, గెట్టోలోంచి బతికి బయటపడ్డవాళ్లు 2004 నుంచి తమ పేరు మీద చెట్లు నాటుకున్న పార్కు. అందులో మారెక్ ఎడెల్‌మన్ పేరు మీద కేంద్రం ఉంది. వార్సా గెట్టో తిరుగుబాటు నాయకుల్లో ఒకరు ఆయన. యుద్ధం తర్వాత ఈ ఊళ్లో గుండె డాక్టరుగా పనిచేశారు, 2009లో పోయారు. 1968లో అందరూ వెళ్లిపోతుంటే ఆయన వెళ్లలేదు. మాలాంటి వాళ్లకు ఆయన కథ తెలియాలి.

నేతన్న_సిరిసిల్ల:

అన్నా, మంచిగ రాసినవ్ గానీ నాకొక అనుమానం. ఆ పొజ్నాన్‌స్కీ మహలు ఎవరి చెమటతోటి లేచింది? యూదులంటే అందరు మిల్లు మాలికులేనా? సాంచె నడిపినోళ్లు, నూలు చుట్టినోళ్లు లేరా? వాళ్ల ఇండ్లేవి, వాళ్ల గుడులేవి? మా సిరిసిల్లల సేట్ల బంగ్లాలు చూపిచ్చి ఇదే మా ఊరు అంటే ఎట్లుంటదో గట్లనే అనిపిస్తున్నది.

మిల్స్‌కాలనీ_వరంగల్:

తమ్మీ, ఈ మాట ఎవరన్న అడగాలనే చూస్తున్న. నువ్వడిగింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఒగ్రొదోవా వీధిల మిల్లు గేటుకు ఎదురుంగనే ఎర్ర ఇటుక ఇండ్ల వరస ఉంటది, పొజ్నాన్‌స్కీ తన పనోళ్ల కోసం కట్టించిన క్వార్టర్లు. గేటు, మహలు, క్వార్టర్లు, మూడూ ఒకదానికొకటి కనబడేటంత దగ్గర. మహలు మెట్ల మీద నిలబడి అటు చూడు, నీకు అన్నీ సమజైతయి. 1892 మే నెలల ఈ ఊరి మిల్లులన్నీ సమ్మె కట్టినయి. పని గంటలు తగ్గించుమని, కూలి పెంచుమని. రష్యా జారు సైన్యం వచ్చి కాల్పులు జరిపింది, మనుషులు చచ్చిపోయిండ్రు. ఆ మహలు అప్పుడు కడుతనే ఉన్నరు.

ఇంకో సంగతి. ఈ పెద్ద ఆవిరి మిల్లులల్ల యూదు కూలీలు చాల తక్కువ, యూదు మాలికుల మిల్లులల్ల సుత. ఆవిరి యంత్రం శనివారం ఆగదు, ధర్మం పాటించే యూదుడు శనివారం పనిచెయ్యడు. అందుకని బీద యూదులు ఇండ్లల్లనే చేతి మగ్గం పెట్టుకుని నేసిండ్రు, దర్జీ పని చేసిండ్రు, చిన్న చిన్న కార్ఖానాలల్ల పడి ఉన్నరు. వాళ్లుండేది ఎక్కువగా బావూతీ అనే పేటల. మురికి కాలువలు, కట్టె ఇండ్లు, ఒక గదిల మగ్గం, అదే గదిల సంసారం. మన నేతన్నల ఇండ్లు యాదికొస్తయి నాకు.

వాళ్ల గుడులు ఎక్కడున్నయంటవా, వాటికి గుమ్మటాలు లేవు. ఏదో ఒక ఇంట్ల ఒక గదిని ప్రార్థనకు వదిలేసేటోళ్లు. గట్లాంటివి ఊరంత ఉండేవి. ఆ ఇండ్లల్ల ఇయ్యాల ఎవరో కాపురం ఉంటున్నరు. గోడకు గుర్తు సుత లేదు.

నాజీలు 1940ల గెట్టో పెట్టింది గా బావూతీలనే. నాలుగు చదరపు కిలోమీటర్లల్ల లక్షా అరవై వేల మందిని కుక్కిండ్రు. తర్వాత ప్రాగ్, వియన్నా, బెర్లిన్ నుంచి సుత తెచ్చి పోసిండ్రు, మొత్తం రెండు లక్షలు దాటిండ్రు. మిల్లుల ఊరు కదా, గెట్టో అంత ఒక కార్ఖానా చేసిండ్రు. కుట్టు పని, తోలు పని, జర్మన్ సైన్యానికి యూనిఫారాలు. ఆ పని ఉన్నన్ని రోజులు ప్రాణముంటదని గెట్టో పెద్దగ పెట్టిన హైమ్ రుమ్‌కోవ్‌స్కీ నమ్మిండు, నమ్మించిండు. 1942 సెప్టెంబరుల పదేండ్ల లోపు పిల్లలను, ముసలోళ్లను అప్పగించుమని నాజీలు అడిగితే, పిల్లలను ఇయ్యుండ్రి అని తల్లుల ముందర నిలబడి మాట్లాడిండు. నేను దాని మీద ఆయనకు శిక్ష వెయ్యలేను, మాఫీ చెయ్యలేను.

ఆ వీధులు ఉన్నయి తమ్మీ, ఇండ్లు కొన్ని ఉన్నయి. జ్గ్యేర్‌స్కా రోడ్డు మీద ఎర్ర ఇటుక చర్చి ఒకటున్నది, రెండు గోపురాలతోటి. గెట్టోల అది గోదాము. నాజీలు చంపినోళ్ల పరుపులు, దిండ్లు తెచ్చి చింపి ఈకలు ఏరిచ్చిండ్రు ఆ చర్చిల. పక్కనుంచే కట్టె వంతెన ఉండేది. రోడ్డు మీద ట్రాము పోతది, అది గెట్టోది కాదు, కాబట్టి యూదులు రోడ్డు దాటాలంటే వంతెనెక్కి దిగాలె. ఆకలితోటి ఉన్నోళ్లకు ఆ మెట్లు ఎంత కష్టమో రాసిపెట్టుకున్నోళ్లు ఉన్నరు. ఇప్పుడు గోడల మీద గెట్టో పిల్లల ముఖాలు పెద్దగ బొమ్మలు గీసిండ్రు, బావూతీల నడుస్తుంటే కనబడతయి.

మాలికు మహలు చూపెట్టినోళ్లు ఈ వీధులల్ల సుత తిప్పాలె. ఇంకోటి, ఆ వాకిట్ల సినగాగ్ ఉన్న వీధి పేరు ఊరికే పెట్టింది కాదు. 1905 జూన్‌ల ఈ ఊరి కార్మికులు జారు సైన్యానికి అడ్డంగ బారికేడ్లు కట్టింది ఆ వీధి మూల మీదనే. పోల్ కార్మికులు, యూదు కార్మికులు, పక్కపక్కన.

సంచారి:

స్మారక ఫలకాలు తప్ప ఏం లేవని రాశాను, ఇదంతా చదివాక నేనే మళ్లీ వెళ్లి చూడాలనిపిస్తోంది. రాదెగాస్ట్ గురించి మీరు చెప్పలేదేం?

కొత్తూరు_అమ్మాయి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నాన్నకు ఫోన్లో అంతా చదివి వినిపించాను. చేతి మగ్గాల సంగతి రెండోసారి చదవమన్నారు. ఇన్ని చోట్లు ఒక్కరోజులో అయ్యేవి కావని అర్థమైంది, రెండు మూడు రోజులుగా విడగొడతాను. బాబాయ్ గారూ, ఏ రోజు ఏది పెట్టుకోవాలి? శ్మశానంలో పాటించాల్సినవేమైనా ఉన్నాయా? రాదెగాస్ట్‌కి తీసుకెళ్లాలా వద్దా అని నాకు భయంగా ఉంది, ఆయనకు బీపీ.

మిల్స్‌కాలనీ_వరంగల్:

అమ్మా, శనివారం యూదుల కట్టడాలకు పెట్టుకోవద్దు, శ్మశానం మూసి ఉంటుంది. పండుగ రోజుల్లో కూడా మూస్తారు. మే, జూన్‌లలో షావూవొత్ అనే పండుగ వస్తుంది, ఈసారి ఏ తేదీల్లో పడిందో చూసుకోండి. శనివారం మహల్‌కీ మిల్లుకీ వెళ్లండి. నాన్నగారు తలకు టోపీ పెట్టుకోవాలి, మామూలు టోపీ అయినా ఫరవాలేదు. సమాధుల మీద పూలు పెట్టరు, చిన్న రాయి పెడతారు. మీరూ పెట్టొచ్చు, ఎవరూ ఏమనుకోరు. దారులు కొన్ని చోట్ల వేర్లు పైకి లేచి ఎగుడుదిగుడుగా ఉంటాయి, చేతికర్ర తెచ్చుకోమనండి. గేటు నుంచి పొజ్నాన్‌స్కీ మండపం దాకా బాట బాగుంటుంది.

రాదెగాస్ట్ సంగతి. అది గెట్టో సరుకు స్టేషను, కట్టెతో కట్టిన చిన్న భవనం, అలాగే ఉంది. పట్టాల మీద ఆ కాలపు పెట్టెలు నిలిపి ఉంచారు. 1942 జనవరి నుంచి ఇక్కణ్నుంచి హెల్మ్నో చావు శిబిరానికి, 1944 ఆగస్టులో ఆష్విట్జ్‌కి పంపారు. పక్కనే కాంక్రీటు సొరంగం కట్టారు, గోడల పొడవునా రవాణా జాబితాల నకళ్లు, పేర్లు, పుట్టిన సంవత్సరాలు, టైపు మిషను అక్షరాల్లో. నేను ఆ పేర్లలో నేతగాళ్లనీ దర్జీలనీ వెతుకుతూ నిలబడిపోయాను. తీసుకెళ్లాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి. ఇన్నేళ్లు పిల్లలకు ఈ పాఠం చెప్పిన మాస్టారు, ఆయన తరఫున మనం నిర్ణయించకూడదు. వెళ్తే మాత్రం పొద్దున్నే వెళ్లండి, తిని వెళ్లండి, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి.

మాల్‌లో మిల్లు మ్యూజియం ఒకటుంది, పాత మగ్గాలు నడిపి చూపిస్తారు. ఆ చప్పుడు ఎంతుంటుందో విన్నాకే క్వార్టర్ల వైపు తీసుకెళ్లండి, అప్పుడు సిరిసిల్ల తమ్ముడు అడిగింది ఆయనకు ఇంకా బాగా ఎక్కుతుంది. మహల్లో రూబిన్‌స్టైన్ గది కూడా చూడండి. పొజ్నాన్‌స్కీ కొడుకుల ఇళ్లు రెండున్నాయి, గ్దాన్‌స్కా వీధిలో ఒకటి సంగీత కళాశాల, వ్యెంట్స్‌కోవ్‌స్కీ వీధిలో ఒకటి కళల మ్యూజియం. ఓపిక ఉంటే బయటి నుంచి చూడండి, లేకపోతే వదిలేయండి.

ఏ వారం వస్తున్నారో ఇక్కడే ఒక మాట రాయండి. ఆదివారమైతే శ్మశానానికి నేనూ కారు తీసుకుని వస్తాను, గేటు దాకా ఆయన్ని నడిపించే పని ఉండదు.